ఫోటోలో ఒక మనిషికి చోటు

కోనసీమకి అందరూ గోదారి చూడటానికి వెళ్తారు. నేను ఒక మనిషి మీద కడుపుమంటతో వెళ్ళాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత నేను రాసే కొబ్బరిచెట్లనీ కాలవలనీ మీరు కాస్త అనుమానంగా చదువుతారు. అలా చదవడమే మంచిది.

నాది అనంతపురం. నాన్న పెట్టిన ఫోటో స్టూడియోని ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. పెళ్ళిళ్ళూ పాస్‌పోర్టు ఫోటోలూ నాకు తిండి పెడతాయి. అది కాక ఇంకో పని ఉంది. బెంగుళూరు రోడ్డు మీద బండ్ల కింద పడి చచ్చిపోయిన అడవి జంతువుల్ని ఫోటోలు తీస్తాను. నక్కలు, కుందేళ్ళు, ఉడుములు, వీపు మీద నక్షత్రాలున్న తాబేళ్ళు. ఎందుకమ్మా అని అడుగుతారు. పెంచుకున్న కుక్క చస్తే పేరుపెట్టి తలుచుకోవడానికి ఒక ఇల్లుంటుంది. నక్కకి ఎవరూ ఉండరు. కనీసం ఒక ఫోటో అన్నా ఉండనీ అనిపించి పన్నెండేళ్ళ కిందట మొదలుపెట్టాను. ఆ ఫోటోల్ని స్టూడియో గోడ మీద పెట్టే వీల్లేదు. "శుభమా అని పెళ్ళి ఆల్బం కోసం వస్తే ఇదేమి కర్మ?" అని వచ్చినవాళ్ళు మొహం తిప్పుకుంటారు. అందుకని వెనక గదిలో అట్టపెట్టెల్లో ఉంటాయి.

ఆ ఏడాది విజయవాడలో జరిగిన ఒక పోటీకి నా నక్కని పంపాను. పొద్దుటి ఎండ, తారు మీద పొడుగు నీడ, తెరిచి ఉన్న కంట్లో చిన్న ఆకాశం. అంత మంచి ఫోటో అంతకు ముందు నేను తీయలేదు. దానికి రెండో బహుమతి వచ్చింది. మొదటిది రాజోలులో ఉండే రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయనకి. ఆయనదీ నా విషయమే! రోడ్డు మీద చచ్చిపోయిన నీటికుక్క, కాలవల్లో చేపలు తిని బతికే జంతువు. దాని వెనక ఆరుగురు మనుషులు వరసగా, చేతులు కట్టుకుని, తలలు దించి నిలబడి ఉన్నారు. ఎడమ చివర ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. "ఫ్రేము కట్టడం కూడా రాదు ఈయనకి," అని హాల్లో పక్కావిడతో పైకే అన్నాను. బహుమతులిచ్చినవాళ్ళు మాత్రం ఆ ఖాళీనే మెచ్చుకున్నారు. అందులో ఏదో ఉందట. ఏముంటుంది? ఏమీ లేకపోతేనే కదా ఖాళీ అంటాం.

మూడు నెలలు నాకు అన్నం సయించలేదు. చచ్చిన నీటికుక్క కోసం ఆరుగురు మనుషులు ఎలా ఆగారు? పన్నెండేళ్ళలో నా కోసం ఒక్కడూ బండి ఆపలేదే! డబ్బులిచ్చి నిలబెట్టాడా? అది తేల్చుకోవాలి, వీలైతే ఆయన రోడ్డు మీదే ఆయన్ని మించిన ఫోటో తీసుకుని రావాలి. ఇదీ నా యాత్ర. చూడాలని ఉందని ఉత్తరం రాస్తే, "తప్పకుండా రండి, మా ఇంట్లోనే దిగండి," అని వెంటనే జవాబు వచ్చింది. ఆ మర్యాదకి నా ఒళ్ళు ఇంకా మండింది.

జొన్నాడ

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. డిసెంబరు నెల. జొన్నాడ దగ్గర బస్సు గోదారి వంతెన ఎక్కగానే సగం మంది కిటికీల్లోంచి చిల్లర డబ్బులు నదిలోకి విసిరారు. పైసలు విసరబుద్ధయ్యేంత నీళ్ళు మా వైపు ఎవరూ చూసి ఉండరు. పక్క సీట్లో పెద్దాయన నా వైపు తిరిగి, "మొదటిసారా అండి? గోదారమ్మకి ఓ రూపాయి వెయ్యండి," అన్నాడు.

"ఆమెకేం తక్కువైంది?" అన్నాను.

ఆయన నవ్వి, నా తరఫున తనే ఒక రూపాయి వేశాడు. మా ఇంట్లో కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వంతెన దాటేంతసేపూ ఆ నీళ్ళని చూస్తూ, ఇంత ఒక్కచోటే పొయ్యకపోతే ఏం పోయిందని దేవుణ్ణి తిట్టుకున్నాను.

కొత్తపేట

ఇక్కడ బస్సు కాసేపు ఆగింది. దిగి కొబ్బరి బొండాం అడిగాను. మూడు రూపాయలు. మా ఊళ్ళో ఎనిమిది పెట్టినా ఇందులో సగం నీళ్ళుండవు. బొండాలమ్మే ఆవిడ కత్తితో మూడు దెబ్బల్లో కొట్టి ఇచ్చి, నా మెడలో కెమెరా చూసింది.

"మాస్టారి చుట్టాలాండి?"

"ఏ మాస్టారు?" అన్నాను, తెలిసీ తెలియనట్టు.

"రాజోలు మాస్టారండి. రోడ్డు మీద చచ్చిపోయిన వాటికి ఫోటో తీస్తారు కదండీ. అందులో నేనూ ఉన్నానండి." గర్వంగా బొట్టు సరిచేసుకుంది. "మొన్న వేసవిలో మా చెల్లెలి ఊరెళ్తుంటే ముంగిస పడుందండి రోడ్డు మీద. మాస్టారు సైకిలాపి, 'రామ్మా, దీనికెవరూ లేరు, కాసేపు నిలబడు' అన్నారు. నిలబడ్డాను, మేనత్తలాగ."

నేను వచ్చిన పని అదే కాబట్టి అడిగేశాను. "డబ్బులేమైనా ఇచ్చాడా?"

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. "చావు దగ్గర నిలబడ్డానికి డబ్బులేంటండీ? మీ వైపు ఇస్తారా ఏంటి?"

లేదని చెప్పాను. మా వైపు అసలు నిలబడరని చెప్పలేదు. బొండాంలో లేత కొబ్బరి ఎంతో బావుంది గానీ నాకు సగం కూడా దిగలేదు.

అమలాపురం

ఇక్కడ పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పితే పచ్చి వాసన, మధ్యలో తెల్లగా పొడుగ్గా ఇడ్లీ. తోడుగా కొబ్బరి పచ్చడి. మేం కొబ్బరిని పచ్చడిలో వేస్తాం, వీళ్ళు కొబ్బరిలోనే పచ్చడి చేస్తారు. నాలుగు తిన్నాను, తిన్నంతసేపూ సణుక్కుంటూనే ఉన్నాను.

మాస్టారి రీళ్ళు కడిగే స్టూడియో ఈ ఊళ్ళోనే అని విని వెతుక్కుంటూ వెళ్ళాను. చిన్న దుకాణం. నాకున్న లైట్లలో సగం లేవు. కానీ లోపలికి అడుగు పెట్టగానే గోడ మీద ఆ నీటికుక్క! పటం కట్టించి, పెళ్ళికూతుళ్ళ ఫోటోల పక్కనే తగిలించారు.

"గిరాకీలు ఏమీ అనరా?" అని అడిగాను.

"ఏవంటారండి?" దుకాణదారు ఆశ్చర్యపోయాడు. "అందులో మూడో మనిషి మా బావగారండి. ఆయ్, మాస్టారి రీలొచ్చిందంటే పెళ్ళి రీళ్ళు కూడా పక్కన పెట్టి ముందు అదే కడుగుతామండి."

నేను కూడా ఫోటోగ్రాఫర్నని, రెండో బహుమతి నాదేనని చెప్పాలనిపించింది. రెండో బహుమతి అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ బావగారి చేతులు ఫోటోలో ఎంత చక్కగా కట్టుకుని ఉన్నాయో చూస్తూ ఉండిపోయాను.

రాజోలు

ఏసురత్నం మాస్టారు బస్టాండుకే వచ్చారు, సైకిలు తోసుకుంటూ. అరవై దాటి ఉంటాయి. సన్నగా, తెల్ల చొక్కా, మెడలో మఫ్లరు. నా సంచీ హ్యాండిలుకి తగిలించుకుని ఇంటిదాకా నడిపించారు. వసారాలో క్రిస్మసు నక్షత్రం వేలాడుతోంది. ఆయన భార్య రూతమ్మగారు నర్సుగా చేస్తోంది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, "మీవారు రాలేదాండి?" అని అడిగింది. లేరన్నాను. ఆవిడ రొయ్యల ఇగురు పొయ్యి మీద పెట్టింది.

ముందుగదిలో నా నక్క ఉంది.

పేపర్లో పడిన బొమ్మని కత్తిరించి, అట్టకి అతికించి, గోడకి పెట్టారు. "ఆ కన్ను చూసేరా?" అన్నారు మాస్టారు, నాకే చూపిస్తూ. "నలభై ఏళ్ళు పిల్లలకి డ్రాయింగు నేర్పేనండి, అలాంటి కన్ను నేను వెయ్యలేను, తియ్యలేను." ఆయన నిజంగానే అన్నారు. నా మీద ఆయనకి రవంతైనా అసూయ లేకపోవడం నేను ఓర్చుకోలేకపోయాను. మూడు నెలలు నేను తిండి మానింది ఇలాంటి మనిషి కోసమా!

బొమ్మ వంక చూస్తూనే, "ఆ నక్క దగ్గర ఎవరూ నిలబడలేదాండి?" అని అడిగారు.

"మా రోడ్డు మీద ఎవరూ ఆగరు సార్."

"మీరున్నారు కదండీ."

"నేను కెమెరా వెనక ఉంటిని," అన్నాను.

భోజనాల దగ్గర గోడ మీద ఇంకో పటం కనిపించింది. పూలు కప్పిన పెట్టె చుట్టూ ఒక కుటుంబం నిలబడి ఉంది. రూతమ్మగారి తల్లి పోయినప్పటిదట. ఇక్కడ క్రైస్తవుల ఇళ్ళల్లో భూస్థాపన ముందు చుట్టపక్కాలందరూ పెట్టె వెనక నిలబడి ఒక ఫోటో తీయించుకుంటారు. వరస చివర్లో ఉన్నావిడ మీద మాత్రం వెలుగు ఇంకోవైపు నుంచి పడుతోంది, మెడ దగ్గర సన్నటి గీత ఉంది. అతికించారని చూడగానే తెలిసింది. నా వృత్తే అది కదా.

"మా చెల్లెలండి," అంది రూతమ్మగారు. "అప్పుడు కువైట్లో ఉందండి, ఇంటిపనికెళ్ళి. ఆ ఇంటి సేటు సెలవివ్వలేదు. దానికి చోటుంచి తీయించేం. తర్వాత పాస్‌పోర్టు ఫోటో పంపింది, అమలాపురంలో అతికించేరు. ఈ చుట్టుపక్కల అందరూ అంతేనండి. రాలేనివాళ్ళకి చోటుంచాలి కదా."

మా ఊళ్ళో నేను పెళ్ళి ఫోటోల్లో చచ్చిపోయిన తండ్రుల్ని అతికిస్తాను. వీళ్ళు చావు ఫోటోల్లో బతికున్నవాళ్ళని అతికిస్తారు. నీటికుక్క పక్కన ఖాళీ ఇలాంటి అలవాటే అన్నమాట, అందులో పెద్ద కళేమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఇగురు ఇంకాస్త వేయించుకున్నాను.

మాస్టారు రోజూ పొద్దున్న ప్రార్థన చేసుకుని, ఆరింటికి సైకిలు మీద దిండి వెళ్ళే రోడ్డు పడతారట. అక్కడ గోదారి మీద వంతెన కట్టాక ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువయ్యాయి, వారానికి ఒకటైనా ఏదో ఒకటి పడి ఉంటుందట. "రేపు కలిసి వెళ్దామండి," అన్నారు. సరేనన్నాను.

దిండి రోడ్డు

కలిసి వెళ్ళలేదు. అయిదున్నరకే లేచి, గోదారి దగ్గర సూర్యోదయం చూసొస్తానని రూతమ్మగారి స్కూటీ అడిగి తీసుకున్నాను. ఆవిడ తాళంతో పాటు చలికి శాలువా కూడా ఇచ్చింది. ఏదైనా పడి ఉంటే ఆయన కంటే ముందు నాకు దొరకాలి. ఆరుగురు మనుషుల్ని పోగెయ్యకుండా, ఒక్క వెలుగుతో ఆయన్ని కొట్టాలి.

మంచు బాగా పట్టి ఉంది. కోతల రోజులు కావడంతో రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి, అంచున బండ్లు ఎక్కకుండా రాళ్ళు పేర్చారు. మిగతా సగంలోనే అందరూ పోవాలి. మా వైపు వేరుశనక్కాయలు కూడా ఇలాగే రోడ్డు మీద పోస్తారు కాబట్టి నాకు అలవాటే అనుకున్నాను. వెనక్కి చూసుకుంటూ, సైకిలు బెల్లు వినిపిస్తుందేమోనని ఇంకా వేగం పెంచాను.

ధాన్యం కుప్ప చాటు నుంచి అది అడ్డంగా వచ్చింది. బ్రేకు వేశానో లేదో కూడా గుర్తులేదు. మెత్తటి దెబ్బ, వెంటనే నేను కింద. మోకాలు చీరుకుపోయింది. లేచి చూస్తే మూడు బారల వెనక పునుగుపిల్లి. బూడిదరంగు ఒళ్ళు, వీపు మీద నల్ల చారలు, తోకకి కట్లకట్లుగా వలయాలు. రెండుసార్లు ఊపిరి తీసింది. మూడోది తీయలేదు. దాని బొచ్చులో వడ్లగింజలు ఇరుక్కుని ఉన్నాయి.

పన్నెండేళ్ళలో ఎన్ని జంతువుల దగ్గర వంగి ఉంటాను. ఒకటి వెచ్చగా ఉండగా చూడటం అదే మొదటిసారి.

అప్పుడు ఎండ వచ్చింది. మంచులోంచి, కొబ్బరి మట్టల మధ్య నుంచి, సరిగ్గా దాని మీదకి. ఇది రాయడానికి నాకు బాగా లేదు. కానీ అదే జరిగింది కాబట్టి రాస్తున్నాను: సిగ్గు నాకు తర్వాత వచ్చింది, ముందు కెమెరా గుర్తొచ్చింది. కుంటుకుంటూ వెళ్ళి పదకొండు ఫ్రేములు తీశాను. ఆరో ఫ్రేముకే నాకు తెలిసిపోయింది. ఇది నక్కని మించింది. నీటికుక్కని కూడా మించింది.

ధాన్యానికి కాపలా పడుకున్న రైతు తలపాగా చుట్టుకుంటూ వచ్చాడు. "ఏవైందండీ?"

"ఇది రోడ్డు మీద పడి ఉంది," అన్నాను. "చూసి బ్రేకు వేస్తే జారిపడ్డాను."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆయన దానికి మెరుగు కూడా పెట్టాడు. "లారీయేనండి. ఇందాకే ఒకటి ఎల్లింది. ఆళ్ళకి కళ్ళు కనపడవు."

పది నిమిషాల్లో సైకిలు బెల్లు. మాస్టారు దిగగానే ముందు నా మోకాలు చూశారు. తన మఫ్లరు విప్పి కట్టు కట్టమని ఇచ్చారు. రైతు లారీ సంగతి చెప్తుంటే వింటూ, పడి ఉన్న స్కూటీని లేపి స్టాండు వేశారు. ముందు చక్రం దగ్గర ఒక్క క్షణం వంగి, లేచారు. తర్వాత పునుగుపిల్లి దగ్గర గొంతుక్కూర్చుని దాని కాళ్ళు సర్దారు.

మనుషులు వాళ్ళంతట వాళ్ళే ఆగారు. నా కళ్ళారా చూశాను కాబట్టి ఒప్పుకోక తప్పదు. పాలాయన క్యాన్లు దింపాడు. కోతకెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కొడవళ్ళు గట్టు మీద పెట్టి కొంగులు సర్దుకున్నారు. కల్లుగీసే ఆయన మోకు భుజాన్నుంచి తీసి పక్కన పెట్టాడు. రైతు తలపాగా విప్పాడు. ఒక్కరూ ఎందుకని అడగలేదు.

"ఎవరికి దొరికితే వారు నడుమ నిలబడాలండి," అన్నారు మాస్టారు నాతో.

"నేనెందుకు సార్, నేను తీస్తాను కదా."

"ఇవాళ నేను తీస్తానండి. మీరు నిలబడండి."

నిలబడ్డాను. ఆయన వెనక్కి వెళ్ళి, కెమెరాలోంచి చూసి, మళ్ళీ దించి నా ఎడమ పక్కనున్న పాలాయన్ని ఇంకాస్త దూరం జరగమన్నారు. నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.

"ఈ చోటెవరికండి?" అన్నాను. రాత్రి విన్నదాన్ని బట్టి ఎవరో చుట్టానికి అయ్యుంటుందనుకున్నాను.

"గుద్దినవారికండి," అన్నారు మాస్టారు. "ఆళ్ళూ మనలో మనిషే కదండీ. భయపడో, చూసుకోకో ఎల్లిపోతారు. ఎప్పటికైనా వస్తే చోటుండాలి. ఒక బస్సు డ్రైవరుగారు నాలుగు నెలలకి వచ్చేరండి, పాస్‌పోర్టు ఫోటో పట్టుకుని. అతికించేం."

నీటికుక్క పక్కన ఉన్నదీ అదేనన్నమాట. నా ఎడమ భుజం పక్కన చల్లగాలి తగులుతోంది. చెప్పెయ్యాలి అనుకున్నాను. కెమెరాలో ఆ పదకొండు ఫ్రేములున్నాయి. చెప్తే అవి ఏమవుతాయి? గుద్దిన మనిషి తీసిన ఫోటోకి ఎవరు బహుమతి ఇస్తారు? నోరు మూసుకున్నాను.

మాస్టారు కన్ను కెమెరాకి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నారు. ఎండ మారిపోతోంది. ఇంతసేపు ఫోకస్ చేస్తాడేం, ఈ చేతులకా మొదటి బహుమతి, అని ఆ స్థితిలోనూ లోపల సణుక్కున్నాను. చివరికి క్లిక్కుమంది. రైతు గునపం తెచ్చాడు. కాలవగట్టు మీద గొయ్యి తవ్వి, కోతకెళ్ళే ఆడవాళ్ళలో పెద్దావిడ గుప్పెడు వడ్లు కూడా వేశాక పూడ్చారు.

మధ్యాహ్నం బస్సుకి బయల్దేరుతుంటే రూతమ్మగారు పెరట్లో స్కూటీ కడుగుతూ కనిపించింది. నాకు పూతరేకులు కట్టిచ్చింది, మోకాలికి మందు రాసింది, ఇంకోసారి తీరిగ్గా రమ్మంది. గోదారి వంతెన మీద ఈసారి నేను కూడా ఒక రూపాయి వేశాను. ఏమీ తేలికపడలేదు.

అనంతపురం

రీలు నేనే కడుక్కున్నాను. ఆరో ఫ్రేము నేను అనుకున్న దానికంటే బాగా వచ్చింది. పెద్ద సైజులో ప్రింటు తీసి వెనక గదిలో ఆరేశాను. తర్వాతి ఏడాది పోటీకి దరఖాస్తు కూడా నింపాను. దాన్ని పోస్టులో వెయ్యడానికి వెళ్ళిన ప్రతిసారీ ఇంకేదో కొనుక్కుని తిరిగొచ్చాను.

నెల తర్వాత రాజోలు నుంచి కవరు వచ్చింది. అందులో ఆ ఫోటో. తలలు దించిన అయిదుగురు, మధ్యలో నేను. నేను తల దించలేదు. నా చూపు పునుగుపిల్లి మీద లేదు, మాస్టారి చేతిలోని కెమెరా మీద ఉంది. మొహం నిండా లెక్కలు. నా పక్కన ఖాళీ.

అంత బాగా తీసినందుకు ముందు నాకు మళ్ళీ కడుపు మండింది. అది చల్లారడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు షాపు తలుపులు మూసి, స్టూలు మీద నేనే కూర్చుని, టైమరు పెట్టి ఒక పాస్‌పోర్టు ఫోటో తీసుకున్నాను. వెనకాల "లారీ కాదు సార్, నేనే" అని రాసి పంపాను. పోటీ దరఖాస్తు చింపేశాను. ఆరో ఫ్రేము మాత్రం చింపలేదు, అంత గొప్పదాన్ని కాను.

జవాబు కార్డు మీద వచ్చింది. డ్రాయింగు మాస్టారి దస్తూరీ, అక్షరం అక్షరం గీసినట్టు.

"అమ్మా, ఫోటో అందిందండి. పెళ్ళాం మొగుడూ ఇద్దరం సంతోషించేం. చక్రం దగ్గర బొచ్చు చూసేనండి ఆ రోజే. రూతు కడిగేసింది, మీరు చూసి బాధపడతారని. ఎప్పుడూ చివర్న ఉంచే చోటు అందుకే మీ పక్కన ఉంచేను. ఒక్క అడుగు జరుగుతారేమోనని కాసేపు ఆగేను కూడానండి. ఇప్పుడు జరిగేరు. మోకాలు మానిందా?"

నేనేమో ఆ రోజు, ఆయనకి ఫోకస్ చెయ్యడం రాదనుకున్నాను.